పేరు లేని చితుకుల కట్ట

టిమారు,
1973 ఫిబ్రవరి 11

మెర్ల్ అక్కా,

నువ్వు పంపిన జామ్ సీసాలు రెండూ చేరాయి. ఒకటి నేను చూడకముందే ఖాళీ అయింది. మా ఆవిడ బెవ్‌ని అడిగితే మూతి తుడుచుకుని "ఎలుకలేమో" అంటుంది. ఈ ఇంట్లో ఎలుకలు చెంచాలతో తింటాయని నాకిప్పుడే తెలిసింది.

దీంతో పాటు మా కొండల క్లబ్బు వార్షిక సంచిక పంపుతున్నాను. పద్నాలుగో పేజీలో బావ ప్రమాదం గురించి నేను రాసిన వ్యాసం ఉంది. అధ్యక్షుడినయ్యాను కాబట్టి తప్పలేదు. కుర్రకారు చదివి బుద్ధి తెచ్చుకోవాలని కాస్త కటువుగా రాశాను. నువ్వు నొచ్చుకోవద్దు. కొండల్లో పుట్టి పెరిగిన దానివి, నీకు నేను చెప్పాలా.

ఇంకొక మాట. ఈస్టర్‌కి, కొండ నడిచేవాళ్ళు రాత్రి తలదాచుకునే మన కెరెరు గుడిసెకు కొత్త రేకులు వేస్తున్నాం. పొయ్యి పక్క గోడకు బావ పేరుతో ఇత్తడి పలక బిగించాలని తీర్మానం చేశాం. మాటలు నేనే కూర్చాను: "ఆర్నాల్డ్ పాస్కో ఈ దారిలో ప్రాణం విడిచాడు. కొండను తక్కువగా అంచనా వేయకండి." నువ్వు వచ్చి దాని మీది గుడ్డ తొలగిస్తే బాగుంటుంది. నాలుగు గంటల నడక నీకొక లెక్కా.

నీ తమ్ముడు,
డెస్

*

హోకిటికా,
ఫిబ్రవరి 20

డెస్‌కి,

సంచిక అందింది. పద్నాలుగో పేజీ రెండుసార్లు చదివాను. "వాతావరణం చెడిందని తెలిసీ, తగిన కారణమేదీ లేకుండా, ఆయన గుడిసె వదిలి కనుమ ఎక్కాడు" అని రాశావు.

కారణం లేకుండానా? నీకు గుర్తు లేకపోతే నాకుంది, చెబుతాను. అమ్మ మా ఇంట్లో ముందుగదిలో మంచం పట్టి ఉంది. డాక్టరు వారం రోజులన్నాడు. కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే మాట, "డెస్ వచ్చాడా." నువ్వు శుక్రవారం రైలెక్కావని బెవ్ ఫోన్‌లో చెప్పింది. రైలు వచ్చింది, నువ్వు రాలేదు. గార్డును అడిగితే, "మీ వాడా? వీపున సంచితో కెరెరు హాల్టులో దిగిపోయాడు" అన్నాడు. అప్పుడు నేనే ఆర్నీతో అన్నాను, "వాడు గుడిసెలో ఉంటాడు, వెళ్ళి చెవి పట్టుకుని తీసుకురా" అని. ఆయన బేకరీలో మర్నాటి పిండి కలిపేసి, ఆదివారం ఉదయం రైలుకి వెళ్ళాడు.

వచ్చినవాళ్ళు పేరు, వెళ్ళే దారి రాసే గుడిసె పుస్తకంలో ఆయన రాసింది ఒకటే వాక్యం. "ఆర్నీ పాస్కో. డెస్ కోసం కనుమ దాటుతున్నాను." నాలుగో రోజున వెతికేవాళ్ళకి కనుమ అవతల మంచులో దొరికాడు. ఆ సాయంత్రమే అమ్మ పోయింది. ఒకే వారంలో రెండు శవపెట్టెలు మోశావు నువ్వు.

ఇరవై ఏళ్ళు మన వెనకాలే నడిచిన మనిషి ఆయన. మబ్బు కనబడితే టీ కాచుకుని కూర్చునే రకం. ఆ వానలో కనుమ ఎందుకు ఎక్కాడో పదహారు నెలలుగా నాకు అర్థం కాలేదు. నువ్వు ఆ రెండు రోజులు ఎక్కడున్నావో ఇంకొకసారి రాయి. పెట్టెలు మోసే హడావిడిలో నేను సరిగ్గా వినలేదు.

మెర్ల్

*

టిమారు,
మార్చి 1

మెర్ల్ అక్కా,

గోరంతను కొండంత చేస్తున్నావు. అప్పుడే అందరికీ చెప్పాను, పోలీసులకీ చెప్పాను. రైల్లో కడుపులో మెలిపెట్టింది. హాల్టులో దిగి, పట్టాల పనివాళ్ళ షెడ్డులో రెండు రోజులు దొర్లాను. ఆదివారం కాస్త తగ్గాక, ఆ స్థితిలో అమ్మ ముందుకు రాలేక, తిరుగు రైలెక్కాను. బావ నా కోసం కొండెక్కాడని నాకేం తెలుసు?

గుడిసెకు నేను వెళ్ళలేదు. పుస్తకం నువ్వూ చూశావు కదా, అందులో నా పేరు ఉందా? ముప్ఫై ఏళ్ళుగా కొండలు తిరుగుతున్నవాణ్ణి, పేరు రాయకుండా పడుకుంటానా? నాన్న మన ఇద్దరికీ ఏం నూరిపోశాడు? "తాళం లేని గుడిసెకు రెండే తాళాలు. పేరు రాయకుండా పడుకునేవాడు దొంగ. తర్వాత వచ్చేవాడికి పొయ్యి పేర్చకుండా వెళ్ళేవాడు హంతకుడు." ఆ మాట మీద పెరిగినవాణ్ణి నేను.

నీ దుఃఖం నాకు తెలుసు. కానీ దుఃఖం ఉంది కదా అని తమ్ముణ్ణి పోలీసులా ప్రశ్నలడిగితే ఎలా?

డెస్

*

హోకిటికా,
మార్చి 12

తమ్ముడూ,

నిజమే, ఎక్కువ మాట్లాడాను. వదిలేయి. జామ్ ఇంకో సీసా పంపుతున్నాను. ఎలుకలకి చెప్పు, ఇది నీది.

నాన్న మాట గుర్తు చేశావు. నాకు అప్పటినుంచి ఆయన వంటింటి మెట్ల మీద కూర్చుని కత్తితో చితుకులు చీల్చడం కళ్ళ ముందు కదులుతోంది. మార్చి వచ్చిందిగా, ఇక్కడ చలి మొదలవుతోంది. నేనూ పొయ్యికి చితుకులు కట్టలు కడుతున్నాను. నాన్న హరకెకె పొద పొడుగాటి ఆకులు చీల్చి ఆ నారతో కట్టేవాడు చూడు, ఆ ముడి ఎంత తిప్పినా నా చేతికి రావడం లేదు. దాన్ని నేర్చుకున్నది నువ్వొక్కడివే. నేను అప్పుడు కోళ్ళ గూటి మీదెక్కి ఆడుకుంటూ ఉండేదాన్ని. ఎలా కట్టాలో బొమ్మ గీసి పంపవూ?

అక్క

*

టిమారు,
మార్చి 18

మా మంచి అక్కా,

ఇదీ నువ్వంటే. నీ కోపం ఎప్పుడూ పాల పొంగే.

బొమ్మ వెనక కాగితం మీద ఉంది. పన్నెండు చితుకులు, ఒక్కొక్కటి జానెడు. ప్రతి దానికీ ఒక కొసన కత్తితో మూడు పొరలు లేపాలి, తెంచకూడదు. అవి ముందు అంటుకుంటాయి. నార రెండు చుట్లు అడ్డంగా, ఒక చుట్టు నిలువుగా. కొసను మూడో చుట్టు కిందనుంచి ఎడమవైపుకు దోపాలి. అందరూ కుడివైపుకు దోపుతారు, అందుకే వాళ్ళ కట్ట దారిలో ఊడిపోతుంది. నాన్నది ఎడమచేతి వాటం కాబట్టి ఆయనకు అలా వచ్చింది, నాకూ అబ్బింది. ఇది ఈ దీవి మొత్తం మీద ఇప్పుడు నాకొక్కడికే వచ్చు. క్లబ్బు కుర్రాళ్ళకి నేర్పాలని చూశాను, ఒక్కడికీ రాలేదు. అగ్గిపెట్టె ఇచ్చి పుట్టించిన తరం ఇది.

మరి ఈస్టర్‌కి వస్తున్నావుగా?

నీ తమ్ముడు,
డెస్

*

హోకిటికా,
మార్చి 27

డెస్మండ్,

నాకు ముడి అక్కరలేదు. ఆ ముడి నీదో కాదో తెలియాలి, అంతే. నువ్వే బొమ్మ గీసి, ఈ దీవిలో ఇంకెవరికీ రాదని కూడా రాసి పంపావు.

ఆర్నీ సామాను పోలీసులు ఒక మూటగా కట్టి ఇచ్చారు. పదహారు నెలలు దాన్ని బీరువా మీదనుంచి దించలేకపోయాను. నీ సంచిక చదివిన రోజు దించాను. పైన పసుపుపచ్చ వానకోటు. దాని కింద నీ కోసం కట్టుకున్న ఎండుద్రాక్షల రొట్టె, ముట్టనే లేదు, రాయిలా ఉంది. అట్టడుగున ఆయన తిండి డబ్బాలో నూనెగుడ్డలో చుట్టి ఒక చితుకుల కట్ట. పన్నెండు. ఒక్కొక్క కొసన మూడు పొరలు. నార రెండు అడ్డం, ఒకటి నిలువు, కొస ఎడమవైపుకు.

కనుమ అవతలి గుడిసె చుట్టూ చెట్టన్నది ఉండదని నీకూ తెలుసు. ఇటునుంచి వెళ్ళే ప్రతివాడూ పొయ్యి దగ్గర పెట్టిన కట్టల్లో ఒకటి తీసుకుని వెళతాడు. ఆయనా తీసుకున్నాడు. చేతిలోకి తీసుకోగానే నీ పని అని పోల్చుకుని ఉంటాడు. ఇరవై ఏళ్ళు నువ్వు కట్టిన కట్టలతోనే ఆయన టీ కాచాడు.

ఇప్పుడు నాకు అర్థమైంది. పుస్తకంలో నీ పేరు ఉండి, కిందికి వెళుతున్నానని రాసి ఉంటే ఆయన వెనక్కి వచ్చేవాడు. ఆ పొయ్యి దగ్గర కట్టలే లేకపోయినా, నువ్వు అసలు రాలేదనుకుని వెనక్కి వచ్చేవాడు. నువ్వు కట్టలు పెట్టావు, పేరు పెట్టలేదు. వచ్చావని తెలిసింది, ఎటు వెళ్ళావో తెలియలేదు. కింది దారిలో నువ్వు ఎదురుపడలేదు కాబట్టి పైకి వెళ్ళావనుకున్నాడు. ఆ వానలో నువ్వొక్కడివే కనుమ మీద ఉన్నావనుకుని, నిన్ను కాపాడడానికి ఎక్కాడు.

దాన్ని నువ్వు "తగిన కారణమేదీ లేకుండా" అని అచ్చువేయించావు.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటూ మొన్న నాన్న మాట నాకే చదివి వినిపించావు. ఆ మాట కూడా నాన్న తారుమారుగా చెప్పాడు. పొయ్యి పేర్చి వెళ్ళినవాడివి నువ్వు. చచ్చింది ఆర్నీ.

జవాబు రాయి. అబద్ధమైతే రాయకు.

మెర్ల్

*

టిమారు,
ఏప్రిల్ 6

అక్కా,

ఈ ఉత్తరం ఐదోసారి మొదలుపెడుతున్నాను.

గుడిసెలోనే ఉన్నాను. శుక్రవారం, శనివారం, రెండు రాత్రులు. కడుపునొప్పి లేదు. అంతకు ముందు నెల వచ్చినప్పుడు అమ్మ నన్ను చూసి "పాలవాడికి డబ్బులిచ్చి పంపు" అంది నీతో. గుర్తుందా? నువ్వు నవ్వేశావు. నేను కారిడార్‌లోకి వెళ్ళి గోడకు ఆనుకున్నాను. మళ్ళీ ఆ గదిలోకి రావాలనిపించలేదు. హాల్టులో రైలు ఆగింది. ఆలోచించలేదు, దిగాను.

గుడిసెలో ఎవరూ లేరు. వాన. నేను తప్ప నన్ను అడిగేవాళ్ళు లేని చోటు. రెండు రోజులు పొయ్యి వెలిగించుకుని పడుకున్నాను. బాగుంది అని కూడా చెప్పాలి, అబద్ధం రాయొద్దన్నావు కాబట్టి. అమ్మ అక్కడ పోతుంటే నాకు ఇక్కడ బాగుంది. పుస్తకం తెరిచి పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాను. తల్లి చావుబతుకుల్లో ఉంటే వీడు కొండ షికారు చేశాడని వచ్చినవాడల్లా చదువుతాడు. మూసేశాను. కానీ వచ్చేవాడికి పొయ్యి పేర్చకుండా బయటపడడం నా చేతుల వల్ల కాలేదు. కూర్చుని ఆరు కట్టలు కట్టాను. చేతులు వాటి పని అవి చేశాయి.

ఆదివారం నది ఎడమ ఒడ్డున దిగాను, అటు కొంచెం పొడిగా ఉంటుందని. సగం దారిలో నది అవతలి ఒడ్డున పసుపుపచ్చ వానకోటు కనిపించింది. బావే. కర్ర పొడుచుకుంటూ, తల వంచుకుని పైకి వెళుతున్నాడు. నది హోరు. కేక వేస్తే వినపడదు. చెయ్యి ఊపితే కనపడుతుంది. నేను ఒక లావుపాటి చెట్టు వెనక్కి జరిగాను. ఆయన దాటిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

గుడిసెలో ఎవరూ లేరని చూసి, ఆ పూటకు పడుకుని, మర్నాడు దిగిపోతాడనుకున్నాను. ఒట్టు. కనుమ ఎక్కుతాడని కలలో కూడా అనుకోలేదు.

ఆ వ్యాసం ఎందుకు రాశానో నాకే తెలియదు. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. చచ్చిపోయినవాడు అడ్డు చెప్పడు.

బెవ్‌కి తెలియదు. ఎవరికీ తెలియదు. ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.

డెస్

*

హోకిటికా,
ఏప్రిల్ 12

డెస్మండ్,

చెయ్యి ఊపలేదని నువ్వు రాయకపోయి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. రాసినందుకు మెచ్చుకోవాలేమో. రావడం లేదు.

అమ్మ చివరి రోజు కూడా అడిగింది. "దారిలో ఉన్నాడమ్మా" అన్నాను. "వానలో తడుస్తాడే" అంది. పాలవాడి గురించి కాదు, నీ గురించి. ఆ మాట నీకు చెప్పకుండా ఇంతకాలం దాచాను, బాధపడతావని.

ఆర్నీని పంపింది నేను. ఆ పాపంలో నా వాటా నేను మోస్తున్నాను, దాన్ని నీ నెత్తిన వేయను. నిన్ను అడిగేవి రెండే. ఆ ఇత్తడి పలక గోడ ఎక్కకూడదు. ఈస్టర్‌కి గుడిసెకు వెళుతున్నావుగా, అక్కడి పుస్తకంలో నీ చేత్తో రాయి. ఆ రెండు రాత్రులు ఉన్నావని, ఏ రోజు దిగావో, ఏ ఒడ్డున దిగావో. దారినపోయేవాళ్ళందరూ చదవాలి, ఆర్నీ కారణం లేకుండా చచ్చిన మూర్ఖుడు కాడని. నాలుగు వరుసలు. నాకు పశ్చాత్తాపాలు అక్కరలేదు.

మెర్ల్

*

టిమారు,
ఏప్రిల్ 25

అక్కా,

వెళ్ళి వచ్చాను. పలక బిగించలేదు. అక్షరాలు తప్పు పడ్డాయని క్లబ్బులో చెప్పి వెనక్కి తెచ్చేశాను. నువ్వు చెప్పింది కూడా అయిపోయింది. మనసు తేలికపడింది. ఈ శీతాకాలం బెవ్‌ని తీసుకుని మీ ఇంటికి వస్తాం. కాదనకు. మనకి మనం తప్ప ఇంకెవరున్నారు?

నీ తమ్ముడు,
డెస్

*

కెరెరు గుడిసె,
మే 9

డెస్మండ్,

నిన్న ఉదయం రైలుకి వచ్చాను. నాలుగు గంటలు పట్టలేదు, మూడున్నరే. యాభై ఆరేళ్ళకు ఫరవాలేదు. కుడి ఒడ్డున, ఆర్నీ నడిచిన దారిన వచ్చాను. ఎదుటి ఒడ్డున నీ చెట్టు ఏదో పోల్చుకోలేకపోయాను. అన్నీ మనిషి దాక్కోవడానికి చాలినంత లావే.

నువ్వు రాసింది చదువుకుని దిగిపోవాలని వచ్చాను. నేను నిన్ను నమ్మాను. దారి పొడుగునా నీకు జవాబు ఎలా రాయాలా అని ఆలోచించాను. శీతాకాలం రమ్మనే రాద్దామనుకున్నాను.

కొత్త రేకులు బాగున్నాయి. గోడ మీద పలక లేదు, ఆ మాట నిజం. నేల ఊడ్చి ఉంది. గొడ్డలి పదును పెట్టి ఉంది. పొయ్యి పేర్చి ఉంది, పక్కన ఆరు కట్టలు. ఎడమవైపుకు దోపిన కొసలు. ఎంత ముచ్చటగా కట్టావో.

తర్వాత పుస్తకం తెరిచాను. కొత్త పుస్తకం, నిండినవి పదకొండు పేజీలే. మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాను. ఈస్టర్‌కి వచ్చిన తొమ్మిది మంది పేర్లున్నాయి. నీది లేదు. పేజీ చింపిన గుర్తు కోసం కూడా చూశాను, నీ మీద జాలితో. చింపలేదు. నువ్వు మళ్ళీ అదే చేశావు. కట్టలు పెట్టావు, పేరు పెట్టలేదు.

నీ చితుకులతోనే పొయ్యి వెలిగించాను. మొదటి అగ్గిపుల్లకే అంటుకున్నాయి. ఆరు కట్టలూ కాల్చేశాను. వాటి మంట మీద టీ కాచుకుని తాగాను, బట్టలు ఆరబెట్టుకున్నాను. ఈ ఉదయం బయట కూర్చుని కొత్తవి చీల్చి పొయ్యి పేర్చాను. ముడి వేయలేదు. కట్టే పని లేకుండా డబ్బాలో పోశాను. ఎవరివో ఎవరికీ తెలియనక్కరలేదు.

తర్వాత నా పేరు రాశాను. దాని కింద నీ వరుసలు నేనే రాశాను. వాటినే ఇంకో కాగితం మీద ఎత్తి రాసి, పద్నాలుగో పేజీకి సవరణగా వేయమని మీ క్లబ్బు కార్యదర్శికి పంపుతున్నాను. నీ ఉత్తరం, నువ్వు గీసిన ముడి బొమ్మ కూడా దానితో పాటే వెళతాయి. బెవ్‌కి అంతకు ముందే చెప్పుకుంటావో, సంచికలో చదవనిస్తావో నీ ఇష్టం.

పుస్తకంలో ఇలా ఉంది:

"డెస్మండ్ హార్కిన్. 1971 అక్టోబరులో రెండు రాత్రులు ఉన్నాడు. అప్పుడు రాయలేదు. ఆదివారం ఎడమ ఒడ్డున కిందికి దిగి, క్షేమంగా ఇంటికి చేరాడు. అతని కోసం ఎవరూ కనుమ ఎక్కనక్కరలేదు."

మెర్ల్ పాస్కో